నా గిటారులో ఎవరో చెయ్యి పెట్టారు

కువైట్,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన తమ్ముడు సునీల్‌కి,

అక్క కరుణ ప్రేమతో రాస్తున్నది. ఈ కాగితం నీ చేతికి వచ్చేసరికి మన ఇంట్లో అందరూ వేళకి తిని, ఒంట్లో నలత లేకుండా ఉండాలని నా ప్రార్థన. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నిజం రాయి. ఫోనులో అడిగితే "శుభ్రంగా ఉన్నానమ్మా" అంటుంది. నొప్పి ఎక్కువైనప్పుడే ఆవిడ ఆ మాట వాడుతుందని నాకు అనుమానం. నాన్నగారు ఎండలో కొబ్బరి దింపుల దగ్గర నిలబడటం మానారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నా గురించి ఎవరూ బెంగ పెట్టుకోకండి.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. మా గదిలో ఉండే మార్తమ్మ అక్క, కపిలేశ్వరపురం ఆవిడ, సెలవు మీద ఊరు వస్తోంది. ఆవిడ చేత పంపుతున్నాను. పైగా నువ్వు ఫోనులో నా మాట పూర్తిగా వినవు. నేను సగం చెప్పేలోపే "సరే అక్కా, సరే అక్కా" అంటావు. కాగితాన్నయితే అలా ఆపలేవు కదా. కవరు గట్టిగా అంటించి, అతుకు మీద అడ్డంగా నా సంతకం పెట్టాను. సంతకం చెరిగి ఉంటే నాకు చెప్పు. మార్తమ్మ అక్క చదువుతుందని కాదు గానీ, చదువుతుందనే అనుకుంటున్నాను.

నువ్వు అడిగిన సంగతికి వస్తాను. చర్చికి మళ్ళీ అకౌస్టిక్ గిటారే, అదే మన చెక్క గిటారే కొనాలా, లేకపోతే ఎలక్ట్రిక్ గిటారూ యాంప్లిఫయరూ కలిపి కొనాలా అని అడిగావు. అమలాపురంలో దుకాణాయన "మీ అక్కగారికి తెలుసండి, ఇది ఫారిన్ సరుకు" అన్నాడన్నావు. ఆయన్ని నేను జన్మలో చూడలేదు. నాకేం తెలుసో ఆయనకెలా తెలిసింది? అట్టపెట్టె మూత ముందే ఊడి ఉందని కూడా నువ్వే చెప్పావు. ఎక్కడో పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగి తిరిగి అలిసిపోయిన యాంప్లిఫయరే అయి ఉంటుంది అది. అసలు నీ మీద కూడా నాకు నమ్మకం లేదు. శబ్దాన్ని గరగరలాడించే కాలి పెడల్ కూడా కావాలన్నావు, ఆరాధనలో వాయించడానికి అదెందుకురా? ఏదో బ్యాండులో చేరుతున్నావా? చేరితే చేరు, దొంగతనంగా మాత్రం చేరకు.

ఈ రెండింటి సంగతీ నాకు ఇక్కడ బాగా తెలిసొచ్చింది. ఎలా తెలిసిందో అంతా రాస్తాను. మధ్యలో ఒక కాగితం మీద పైన గీత గీశాను. ఆ కాగితం మాత్రం నువ్వొక్కడివే చదువుకో. క్వయర్‌లో అందరి ముందూ చదవకు.

ముందు ఇక్కడి సంగతులు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో పని అలవాటైపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరికరాలు మరగబెట్టడం, సర్దిపెట్టడం, అందించడం. నోరు తెరిచి పడుకున్నవాళ్ళందరూ ఏ దేశం వాళ్ళయినా ఒక్కలాగే భయపడతారు. బయట ఎండ సంగతి చెప్పలేను. పొయ్యి మూత తీసినప్పుడు ముఖానికి కొట్టే సెగ ఉంటుందే, అది ఆకాశమంతా ఉంటుంది. లోపలేమో ఎప్పుడూ ఏసీ. గదిలో నలుగురం ఉంటాం. ఇక్కడ కొబ్బరికాయ కొన్నా కొట్టడానికి చోటు లేదు. ఒకసారి మెట్ల దగ్గర కొడితే కింద ఫ్లాటావిడ పైకి పరిగెత్తుకొచ్చింది. లోపల చూస్తే ఆ కాయ ఎండిపోయి గలగలమంటోంది. నాకు ఏడుపొచ్చింది, కొబ్బరికాయ కోసమని ఎవరితోనూ చెప్పలేదు.

నాకు తోడంటే ఆ గిటారే. నేను బయలుదేరేటప్పుడు మన స్త్రీల సమాజం వాళ్ళు "పన్నెండేళ్ళు నువ్వే వాయించేవు, నువ్వే పట్టుకెళ్ళమ్మా" అని చర్చి గిటారు నా చేతికిచ్చారు కదా. దాని పొట్టలో మన చర్చి పేరు రాసిన చీటీ ఇంకా అలాగే అంటుకుని ఉంది. అందుకే దాని మీద ఈగ వాలినా నాకు అనుమానమే.

ఇక్కడ మన తెలుగువాళ్ళ ప్రార్థన శుక్రవారం మధ్యాహ్నం జరుగుతుంది. నేను వచ్చిన కొత్తలో ఒక భవనం అడుగున చిన్న గదిలో చాపలేసుకుని కూర్చునేవాళ్ళం. అక్కడ చెక్క గిటారు హాయిగా సరిపోయేది. తీగ మీటితే పైపలక కదులుతుంది, పొట్టలో గాలి కదులుతుంది, ఆ గాలే మనుషుల దాకా వస్తుంది. నెమ్మదిగా మీటితే నెమ్మదిగా, గట్టిగా మీటితే గట్టిగా. పాడేవాళ్ళ గొంతు మీదికి ఎక్కదు, వాళ్ళ పక్కనే నడుస్తుంది. తరవాత మనుషులు పెరిగి పొడవాటి హాలు తీసుకున్నారు. ఇంక నాలుగో వరస దాటి గిటారు వెళ్ళడం లేదు. వెనకాల వాళ్ళు చప్పట్లు ఒక అడుగు ఆలస్యంగా కొట్టేవారు.

ఆ రోజుల్లోనే జీవరత్నం గారు వచ్చారు. కె.గంగవరం ఆయన, యాభై దాటి ఉంటాయి. ఏసీ మెకానిక్కు. హాల్లో ఏసీలు కూడా ఆయనే చూస్తారు కాబట్టి పాస్టరు గారు ఆయనకో తాళం చెవి ఇచ్చారు. మొదటి వారమే ప్రార్థన అయ్యాక నా దగ్గరికొచ్చి, "మీ గిటారు అందట్లేదండి" అన్నారు.

ఆయన కూర్చున్నది మొదటి వరసలో. నాకు నాలుగు అడుగుల దూరం.

"ఇంత దగ్గర కూర్చుని అందట్లేదంటారేంటండి?" అన్నాను.

"ఆయ్," అని నవ్వి వెళ్ళిపోయారు.

నా ఒళ్ళు మండింది. ఇది వినబడకపోవడం కాదు, నచ్చకపోవడం అనుకున్నాను. తరవాతి వారం మెట్ల దగ్గర ఎదురైతే "వందనాలండి" అన్నాను. నా ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోయారు. సరే, పొగరు కూడా ఉందన్నమాట. ఆ పై వారం ఆయన తోపుడు బండి మీద ఒక నల్లపెట్టె పెట్టుకుని లిఫ్టులోంచి దిగారు. యాంప్లిఫయరు! పాస్టరు గారు సంతోషపడిపోయారు. "కరుణమ్మా, నీ గిటారుకి తగిలిద్దాం" అన్నారు. నేను సరేనన్నాను గానీ, ఈయన మెల్లగా పెట్టె తెచ్చాడు, ఇంక మెల్లగా తన గిటారు కూడా తెస్తాడు, తరవాత నన్ను పాటల పుస్తకాలు పంచే పనికి పంపుతాడు అనుకున్నాను.

నా కళ్ళ ముందే జీవరత్నం గారు గిటారు పొట్టలో చిన్న మైకు అంటించారు. పికప్ అంటారు దాన్ని. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. మొదటి పాట బాగానే ఉంది. నిజం చెప్పాలంటే చివరి వరస వాళ్ళ చప్పట్లు నాతో కలిసి పడేసరికి ఆ చరణం ఇంకోసారి వాయించాను. కానీ రెండో పాట మూడో చరణంలో ఆ పెట్టె ఒక్కసారిగా ఊఁ... అని ఊళ పెట్టింది. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. నేను తీగల మీద చెయ్యి వేసి నొక్కినా ఆగదు. జీవరత్నం గారు వెళ్ళి మీట తిప్పి ఆపారు. అందరూ నా వైపే చూశారు. మరి పెట్టె ఆయనదైతే, ఊళ పెట్టింది నా గిటారని అందరూ ఎందుకనుకోవాలి?

ఆ తరవాత గిటారు నాకు వేరే మనిషి లాగా తయారైంది. తీగలు జివ్వుమంటున్నాయి. మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల చివర్లు బయటికి పొడుచుకొచ్చి వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. పన్నెండేళ్ళలో ఎప్పుడూ గుచ్చుకోలేదు. గొంతు కూడా పలచబడింది. వారమంతా గిటారు హాల్లో బీరువాలోనే ఉంటోంది, బస్సులో తీసుకెళ్ళడం కష్టమని. తాళం చెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. పాస్టరు గారు నా గిటారు ముట్టుకోరు.

మార్తమ్మ అక్కతో చెబితే, "అంత మెత్తగా మాట్టాడేవోళ్ళని నేను నమ్మనమ్మా. నీ గిటారు మార్చేసేరేమో చూసుకో" అంది. పరిగెత్తుకెళ్ళి లోపల చూశాను. మన చర్చి చీటీ ఉంది. గిటారు నాదే. అయితే ఏదో చేస్తున్నారు. సంచి జిప్పుకి కనబడీ కనబడనట్టు నల్లదారం ముడి వేశాను. తరవాతి శుక్రవారం చూస్తే దారం తెగి ఉంది. మళ్ళీ వేశాను, మళ్ళీ తెగింది.

మూడోవారం, శుక్రవారం ఒంటిపూట క్లినిక్ ఇంకా తొందరగా మూసేశారని గంట ముందే వెళ్ళాను. హాలు తలుపు ఓరగా ఉంది. జీవరత్నం గారు నేల మీద కూర్చుని, నా గిటారు ఒళ్ళో పెట్టుకుని, తీగలు వదులు చేసి, మణికట్టు దాకా చెయ్యి దాని పొట్టలో పెట్టి ఉన్నారు.

"ఏం చేస్తున్నారండి?" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా, "మిమ్మల్నేనండి!" అని అరిచాను. అప్పుడు ఉలిక్కిపడి చూశారు.

"ఆయ్, మీరా అండి. తొందరగా వచ్చేసేరు."

"ముందు చెయ్యి తియ్యండి."

తీశారు. చేతిలో సబ్బు డబ్బా ఉంది. డబ్బాకి చిల్లులు, లోపల తడిసిన స్పాంజి ముక్క.

"తడి పెడతన్నానండి, మీరొచ్చేలోపు తీసేత్తన్నాను. ఇక్కడ చెక్కకి దాహమేత్తాదండి."

"చెక్కలో నీళ్ళెవరైనా పెడతారా? పాడు చేసేద్దామనా?"

అప్పటికే మనుషులు రావడం మొదలైంది. పాస్టరు గారు కూడా గుమ్మంలో ఉన్నారు. నేను ఆగలేదు. "నా గిటారు పాడైపోతే మీ పెట్టె ఒక్కటే మిగులుతుంది. అందుకే కదండీ ఇదంతా?" అని అందరూ వినేలా అనేశాను.

ఆయన గిటారు జాగ్రత్తగా కుర్చీకి ఆనించి లేచారు. "అడక్కుండా ముట్టుకోడం తప్పేనండి," అన్నారు. తాళం చెవి పాస్టరు గారి చేతిలో పెట్టి, పెట్టె బండి మీద ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఆ సబ్బు డబ్బా చెత్తబుట్టలో పడేశాను. పాస్టరు గారు "కొంచెం నిదానించాల్సింది కరుణమ్మా" అన్నారు. తప్పు పట్టుకున్నది నేనైతే నాకే సుద్దులా అనుకున్నాను.

తరవాత మూడు శుక్రవారాలు పెట్టె లేదు, ఆయనా లేరు. చప్పట్లు మళ్ళీ ఆలస్యంగా పడ్డాయి. గిటారుని గదికి తెచ్చుకుని నా మంచం తలవైపు, ఏసీ గాలి చల్లగా తగిలే చోట నిలబెట్టాను. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోరని ధైర్యంగా పడుకునేదాన్ని. ఒక సెలవు రోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఠప్పుమని శబ్దం వచ్చింది. గాజుగ్లాసు పగిలిందనుకున్నాను. సంచి విప్పి చూస్తే పైపలక తీగల కింద నుంచి అంచు దాకా పొడవునా చీలింది. జానెడు చీలిక. వేలి గోరు దూరుతోంది.

తమ్ముడూ, నేను నేల మీద కూర్చుండిపోయాను. మన స్త్రీల సమాజం వాళ్ళ ముఖాలన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. అయినా చూడు నా బుద్ధి. ఆయన పెట్టిన నీళ్ళ వల్లే చీలింది, ఆ తడి ఇన్నాళ్ళకి పని చేసింది అనుకున్నాను.

"ఆయన దగ్గరికే పట్టుకెళ్ళు," అంది మార్తమ్మ అక్క. "చెడగొట్టినోడైతే మొహంలో తెలిసిపోద్ది."

నాకది నచ్చింది. పాస్టరు గారిని ఆయన పని చేసే చోటు అడిగి, మర్నాడు క్లినిక్‌కి సెలవు చెప్పి వెళ్ళాను. ఆయన ముఖం చూసి తప్పు పట్టుకుందామనే వెళ్ళాను.

(గీత గీసిన కాగితం ఇదే. ఇక్కడి నుంచి నీలోనే ఉంచుకో. కె.గంగవరం వైపు మనకి చుట్టాలున్నారు, మాట తేలిగ్గా దాటుతుంది.)

అదొక పెద్ద షెడ్డు. నాలుగైదు కంప్రెసర్లు ఒకేసారి దడదడలాడుతున్నాయి. జీవరత్నం గారు వంగి ఏదో బిగిస్తున్నారు. ఎడమ పక్కన నిలబడి పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి దాదాపు అరిచాను. పక్కన పని చేసే బెంగాలీ ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపి, తన ఎడమ చెవి మీద వేలు పెట్టుకుని "లేదు" అన్నట్టు చూపించాడు. తరవాత వెళ్ళి ఆయన కుడి భుజం తట్టాడు.

అప్పుడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని అందట్లేదన్నది, మెట్ల మీద వందనాలు పట్టించుకోనిది, హాల్లో నేను అరిచేదాకా తిరగనిది, అన్నీ ఒకదాని మీద ఒకటి గుర్తొచ్చాయి.

ఆయన నన్ను చూసి కంగారుపడ్డారు, గిటారు చూసి "అయ్యయ్యో" అన్నారు. నేను ముఖంలో తప్పు వెతకడానికి వెళ్ళాను కదా, ఆ ముఖంలో ఒకటే ఉంది. చంటిపిల్లకి దెబ్బ తగిలితే చూసినట్టు చూశారు. అరచెయ్యి తుడుచుకుని చీలిక మీద పెట్టారు. షెడ్డు బయట నీడలోకి తీసుకెళ్ళి చెప్పారు.

"నేనూ ఒకటి తెచ్చుకున్నానండి రామచంద్రాపురం నుంచి. ఏసీ గదిలో గోడకి తగిలించేను. మొదటి ఎండాకాలానికే మూడు ముక్కలైపోయిందండి. తరవాత ఇక్కడ గిటార్లమ్మే కొట్లో చెప్పేరు, తడి స్పాంజి పెట్టాలని. మన కోనసీమలో గాల్లోనే నీళ్ళుంటాయి కదండీ. ఆ గాలి తాగి పెరిగిన చెక్క, ఇక్కడ ఎండిపోయి ముడుచుకుపోద్దండి. కమ్మీలు గుచ్చుకుంటన్నాయా మీకు?"

"గుచ్చుకుంటున్నాయండి."

"చెక్క లోపలికి పోయిందండి, కమ్మీలు ఇనుము గాబట్టి పోవు. అది చూసే నేను తడి పెట్టడం మొదలెట్టేనండి."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదండి?"

"నీళ్ళంటే మీరు పడనివ్వరనుకున్నానండి," అని నవ్వబోయి ఆగారు. నేను నవ్వలేకపోయాను.

చెవి సంగతి అడిగాను. ఎవరూ లేరని అటూ ఇటూ చూసి చెప్పారు. ఏళ్ళ తరబడి కంప్రెసర్ల పక్కన ఉండి ఎడమ చెవి పోయింది, ఇప్పుడు కుడి చెవి కూడా తగ్గుతోందట. లావు తీగల శబ్దం తెలుస్తుంది, సన్న తీగలది తెలియదు.

"మీ వేళ్ళు కదులుతుంటే చూత్తన్నానండి గానీ, పాట నా దాకా రావట్లేదు. ఆ పెట్టె పక్కన కూర్చుంటే సన్న తీగలు కూడా తెలుత్తాయండి. అందుకని కొన్నాను. ఎవరికీ చెప్పకండి. చెవుడని తెలిస్తే పన్లోంచి తీసేత్తారు. ఈ బెంగాలీ బాబే మేనేజరుకి తెలీకుండా కాపాడుకొత్తన్నాడు."

నా గిటారు వినడానికి ఒక మనిషి యాంప్లిఫయరు కొనుక్కొస్తే, నా స్థానం లాక్కోవడానికి తెచ్చాడనుకున్నాను. ఇంతకన్నా రాయలేను. గీత గీసిన కాగితం ఇక్కడితో అయిపోయింది.

గిటారు బాగు చేస్తానన్నారు. వాళ్ళ గదిలో పెద్ద ప్లాస్టిక్ కవరులో పెట్టి, లోపల తడి స్పాంజి డబ్బాలు ఉంచారు. రెండు వారాలకి చీలిక దానంతటదే దగ్గరికొచ్చింది! అప్పుడు లోపలి నుంచి జిగురు పెట్టి, అగ్గిపుల్ల అంత చెక్క ముక్కలు అడ్డంగా అతికించి, బిగించి ఉంచారు. చూడటానికి వెళ్ళినప్పుడల్లా నన్నడిగేవారు, "చెయ్యి పెట్టమంటారా అండి?" అని. ఆ మాట విన్న ప్రతిసారీ తల దించుకునేదాన్ని. మచ్చ కనబడుతుంది. స్త్రీల సమాజం వాళ్ళకి నేనే స్వయంగా చెబుతాను, నువ్వు ముందే నోరు జారకు.

ఇంక నీ ప్రశ్నకి జవాబు. మన చర్చికి చెక్క గిటారే కొను. క్వయర్ ప్రాక్టీసుకి, ఇళ్ళల్లో ప్రార్థనలకి, ఎవరింట్లోనైనా మనిషి పోయినప్పుడు పాడటానికి దాన్ని మించింది లేదు. కరెంటు పోయినా ఆగదు. వీధి కూటాలకీ, పండగలకీ మాత్రం యాంప్లిఫయరు కావాలి. ఎలక్ట్రిక్ గిటారు కోసం చేసిన పెట్టె తీసుకోకు. అది శబ్దానికి తన రంగు పూస్తుంది, గరగర కలుపుతుంది. బ్యాండుకి అదే అందం. చెక్క గిటారుని దానికి తగిలిస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టుంటుంది. చెక్క గిటారు గొంతు ఉన్నది ఉన్నట్టు పలికించే పెట్టెలు వేరే ఉంటాయి. వాటిలో గిటారుకొకటి, పాడే మైకుకొకటి రెండు సాకెట్లుంటాయి. దుకాణంలో దుకాణాయన వాయిస్తే వినకు. నువ్వే కూర్చుని వాయించి, మీట బాగా తగ్గించి ఒకసారి, సగం పెంచి ఒకసారి విను. తీగలు ముట్టకుండా కూడా విను, పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు చేసే రొద అప్పుడే తెలుస్తుంది. యాంప్లిఫయరుకి సొంత పాట ఉండదురా. నీ చేతిలో ఉన్నదాన్నే పెద్దది చేస్తుంది. వేలు జారితే ఆ జారుడునీ, చొక్కా గుండీ తగిలితే ఆ టకటకనీ చివరి వరసకి చేరవేస్తుంది.

ఊళ సంగతి కూడా జీవరత్నం గారు చెప్పారు. నేను పెట్టెకి ఎదురుగా కూర్చున్నాను కదా, దాని శబ్దం వచ్చి నా గిటారు పైపలకని కదిలించింది, ఆ కదలిక మళ్ళీ పెట్టెలోకి పోయింది, అలా తిరిగి తిరిగి ఊళైంది. పెట్టె నీకు ముందుగా పక్కకి పెట్టు, ముఖం జనం వైపు ఉండాలి. గిటారు నోటికి రబ్బరు మూత దొరుకుతుంది, అది పెట్టు. లావు శబ్దం మీట, బాస్ అని రాసుంటుంది, అది తగ్గించు. మన ఊళ్ళో చెక్కకి తడి పెట్టక్కర్లేదు సుమా! అక్కడ వానాకాలంలో చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. గోడకి ఆనించకుండా సంచిలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వెయ్యి.

మార్తమ్మ అక్క చేత రెండు సెట్ల తీగలు పంపుతున్నాను. ఆవిడ తిరిగొచ్చేటప్పుడు ఎండు రొయ్యలూ, చింతకాయ పచ్చడీ ఇచ్చి పంపండి. రెండూ వేరు వేరుగా గట్టిగా కట్టండి, ఎయిర్‌పోర్టులో కుక్కలు రొయ్యల వాసన పడతాయేమోనని నా భయం.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న శుక్రవారం జీవరత్నం గారు పెట్టె తెచ్చారు. నేను వెళ్ళి రమ్మని అడిగితేనే వచ్చారు. గిటారు తగిలించాం. చివరి పాటకి ముందు పాస్టరు గారి అనుమతి తీసుకుని లేచి నిలబడ్డాను. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా.

"ఆ రోజు జీవరత్నం గారిని అనరాని మాట అన్నానండి. ఆయన నా గిటారుని కాపాడబోయేరు, నేను దొంగని చూసినట్టు చూసేను. తప్పు నాది. నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను," అన్నాను.  అందరూ ఆయన వైపు తిరిగారు.

ఆయన తల వంచుకుని పాటల పుస్తకంలో తరవాతి పాట నంబరు వెతుక్కుంటున్నారు. నిమ్మళంగా ఒక్కో పేజీ తిప్పుతున్నారు.  ఇంకా కోపం పోలేదని అందరూ అనుకున్నారు. పాస్టరు గారి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం అర్థమైంది. ఆయన ఎడమ పక్కన నిలబడి మాట్లాడాను నేను. దగ్గరికెళ్ళి చెవిలో అరిస్తే ఆయన దాచుకున్నది అందరికీ తెలిసిపోతుంది.

పాడే మైకు ఆ పెట్టెకే తగిలించి ఉంది. తీసుకుని, "వెనక వరసలో వాళ్ళకి వినబడలేదనుకుంటానండి, మళ్ళీ చెబుతాను," అన్నాను. వెనక వరస వాళ్ళు "వినబడిందమ్మా, వినబడింది" అని చేతులూపుతున్నారు. నేను చూడనట్టే ఉన్నాను. మీట కొంచెం పెంచి, మొదటి మాట నుంచీ మళ్ళీ చెప్పాను.

ఈసారి నా మాటలు ఆయన మోకాలి పక్కనున్న పెట్టెలోంచి వచ్చాయి. పేజీలు తిప్పుతున్న చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూశారు. నేను చివరి దాకా చెప్పి, మైకు దించి నిలబడ్డాను.

ఆయన కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నారు.

"ఆయ్, వినబడిందండి," అన్నారు.

అమ్మకీ నాన్నగారికీ నా వందనాలు, వాళ్ళ ప్రార్థనల్లో నా పేరు మర్చిపోవద్దని చెప్పు. పాస్టరమ్మగారికీ, క్వయర్‌లో అందరికీ పేరుపేరునా అడిగానని చెప్పు. వేళకి తిను, ఎండలో బండి మీద తిరగకు.

నీ మేలు కోరుతూ, దూరం నుంచైనా నిన్ను ఓ కంట కనిపెట్టుకుని ఉండే

నీ అక్క,
కరుణ